మధ్యాహ్నం రెండయ్యేసరికి చేతులాడవు: పలాస జీడి షెడ్డులో ఒక కేసు

కిందటి ఏప్రిల్ నెలాఖరున నా పాత విద్యార్థి ఒకడు ఫోన్ చేశాడు. డిగ్రీలో నా దగ్గర ఫిజిక్స్ చదివినవాడు, ఇప్పుడు పలాసలో ఒక జీడిపప్పు యూనిట్‌కి మేనేజరు. "మాస్టారూ, మీరు మాకు థర్మోడైనమిక్స్ చెప్పేవారు కదా, మా షెడ్డుకి ఓసారి రాగలరా?" అన్నాడు. బాయిలర్ ఏదో మొరాయించి ఉంటుందనుకుని బయల్దేరాను. తీరా వెళ్తే బాయిలర్ శుభ్రంగా ఉంది. మొరాయిస్తున్నది మనుషులట.

పీలింగ్ షెడ్డులో నలభై మంది దాకా ఆడవాళ్లు పనిచేస్తారు. బోర్మాలో, అంటే వేడిగాలి పొయ్యిలో, ఆరిన పప్పు మీది ఎర్ర పొట్టును గోటితోనూ చిన్న కత్తితోనూ వలిచి, గుడ్డు (విరగని పప్పు) ఒక పక్కకి, బద్ద ఒక పక్కకి వేస్తారు. కూలీ కిలో లెక్కన. పొద్దున్న ఎనిమిదికి కూర్చుంటే ఒంటి గంట దాకా పని చురుగ్గా సాగుతుంది. అన్నాలు తిని మళ్లీ కూర్చున్నాక, రెండు దాటేసరికి తూకం పడిపోతుంది. తూకం పుస్తకం నేనూ తిరగేశాను. మధ్యాహ్నం ఒక గంటలో వచ్చే పప్పు, పొద్దుట గంటలో వచ్చేదాంట్లో ముప్పాతికకి మించడం లేదు. పైగా గుడ్డు విరిగి బద్దలు పెరిగిపోతున్నాయి. గుడ్డుకీ బద్దకీ ధరలో ఎంత తేడానో పలాస వాళ్లకి చెప్పక్కర్లేదు.

"తిని కునుకుతున్నారు" అన్నది షావుకారు గారి తీర్పు. మేస్త్రీ సెల్‌ఫోన్ల మీద పెట్టాడు. మార్చిలో ఒకామె కళ్లు తిరిగి పడిపోతే దాన్ని శనివారం ఉపవాసం మీద తోసేశారు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. కిలో లెక్కన కూలీ తీసుకునే మనిషి బద్ధకిస్తే పోయేది ఆవిడ డబ్బే. నలభై మందికీ గడియారం చూసుకున్నట్టు ఒకే గంటకి బద్ధకం వస్తోందంటే ముందు గదిని అనుమానించాలి.

ఇక్కడో మాట చెప్పుకోవాలి. రిటైరయ్యాక నన్ను సభలకి పిలిచేవాళ్లలో సగం మంది ఎంట్రోపీ (చెదురుబాటుకి కొలత) గురించీ జీవితం గురించీ మాట్లాడమంటారు. కాపురాలు చెదరడం ఎంట్రోపీ, ఊళ్లు ఖాళీ అయిపోవడం ఎంట్రోపీ అని చెబితే చప్పట్లు పడతాయి. ఈ చెదురుబాటు మొత్తం మీద పెరుగుతూనే పోతుందనే థర్మోడైనమిక్స్ రెండో సూత్రాన్ని ప్రాణులకి అన్వయించడం తప్పని నేననను. భౌతికశాస్త్రజ్ఞుడు బోల్ట్జ్‌మన్ అంతటివాడు 1886లోనే ఒక ఉపన్యాసంలో ఆ పని చేశాడు. నా మట్టుకు నాకు మనుషుల ప్రశ్న ఏదైనా వాట్లలోకి దిగితేనే అది నా పని. దిగకపోతే అది హరికథ. హరికథ చెప్పడానికి మా వైపు నాకంటే చాలా గొప్పవాళ్లే పుట్టారు.

కొలతలు

సామాన్లు పెద్దగా ఏమీ లేవు. రెండు ల్యాబ్ థర్మామీటర్లు. ఒకటి పొడిగానే ఉంటుంది. రెండోదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టాలి. గుడ్డ కోసం పాత పొందూరు ఖద్దరు పంచె ఒకటి చింపాను. అంత సన్నటి నూలు నీళ్లని భలే పీల్చుకుంటుంది గానీ గంజి పోయేదాకా రెండుసార్లు ఉడకబెట్టాలి. గంజి మిగిలితే గుడ్డ సరిగా తడవదు, రీడింగు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మూడోది నల్ల బంతి. పాత సామాన్ల కొట్లో నీళ్ల ట్యాంకు ఫ్లోట్ బంతి, రాగిది, దొరికింది. దానికి బ్లాక్‌బోర్డు రంగు పూసి, నడిమధ్యకి థర్మామీటరు దించి, మూతి లక్కతో మూశాను. పైన రేకులూ పక్కన గోడలూ వెదజల్లే వేడిని ఈ బంతి పట్టుకుంటుంది. గాలి వేగం కొలవడానికి అగరుబత్తి, స్టాప్‌వాచ్.

మే మొదటి వారంలో మూడు రోజులు ఆ షెడ్డులో కూర్చున్నాను.

ఆఫీసు గది గుమ్మం పక్కన ఏదో కంపెనీ వాళ్లిచ్చిన థర్మామీటరు వేలాడుతోంది. రెండున్నరకి అది 35 డిగ్రీలు చూపించింది. షావుకారు గారి ఫోన్‌లో పలాస ఉష్ణోగ్రత 37. "చూశారా మాస్టారూ, బయటికంటే లోపలే చల్లగా ఉంది" అన్నారాయన. అదే సమయానికి షెడ్డు నడిమధ్యలో, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో, నా పొడి థర్మామీటరు 37 చూపిస్తోంది. తడిది 29.5. నల్ల బంతి 41. బయట వేపచెట్టు నీడలో కొలిస్తే పొడిది 36, తడిది 28.

ఈ నాలుగైదు అంకెల్లో అసలు కథంతా తడి థర్మామీటరుదే. తడిగుడ్డ ఆరేటప్పుడు వేడి లాక్కుని చల్లబడుతుంది. చెమట పట్టిన ఒళ్లూ చేసేది అదే. గాలిలో అప్పటికే తేమ నిండుంటే గుడ్డా ఆరదు, ఒళ్లూ ఆరదు. అందుకే అనంతపురంలో 42 డిగ్రీల ఎండలో పొలం పని చేసే మనిషి మా తీరంలో 36కే "ఉక్క తట్టుకోలేకపోతున్నాను" అంటాడు. మన చర్మం సుమారు 35 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి తడి బల్బు (తడి థర్మామీటరు రీడింగు) 35 దాటితే నీడలో ఊరికే కూర్చున్న మనిషి కూడా ఒంట్లో వేడి బయటికి పంపలేడని 2010లో ఒక సైద్ధాంతిక లెక్క వచ్చింది. 2022లో అమెరికాలో పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ల మీద ప్రయోగం చేసి చూస్తే, తేమ ఉన్న గాలిలో ఆ హద్దు 30, 31 దగ్గరే తేలింది. మా షెడ్డులో 29.5 ఉంది. ఇక్కడున్న వాళ్లలో సగం మంది యాభై దాటినవాళ్లు.

అగరుబత్తి పొగ నిలువుగా, తీరిగ్గా లేచింది. కిటికీలు మూసేశారు, ఫ్యాన్లు లేవు. పొట్టు ఎగిరి పప్పులో పడుతుందని ఫ్యాన్లు వేయరు. పొగ పక్కకి జరిగిన వేగం సెకనుకి 20 సెంటీమీటర్లు కూడా లేదు.

పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూశాను. జ్వరం వచ్చినవాడి నుదురు కంటే వేడిగా ఉంది. ఆ గోడకి అవతల ఒకప్పుడు పెద్ద పనస చెట్టు ఉండేదట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కూలిపోయింది. "సెట్టు పోనాకే ఈ ఉక్క బాబూ. అంతకుముందు ఇంత నేదు" అంది ఆ పక్కనే కూర్చున్న పెద్దావిడ. షెడ్డులో అందరూ ఆవిణ్ని అప్పా అని పిలుస్తారు. మూడు రోజులు మూడు థర్మామీటర్లతో నేను కనిపెట్టింది ఆవిడకి ఏళ్ల తరబడి తెలుసు. ఎవరూ అడగలేదంతే.

ఒంటి పద్దు

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు సుమారు 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. పాతకాలపు బల్బు ఒకటి వెలిగినట్టు. కూర్చుని చేతులతో ఆపకుండా పనిచేస్తే అది 170 దాకా వెళ్తుంది. ఇక్కడ పైన రేకులూ పడమటి గోడా కలిసి ఇంకో 30, 40 వాట్లు ఒంట్లోకి కొడుతున్నాయి. గాలి చర్మం కంటే వేడిగా ఉంది కాబట్టి అదీ చల్లబరచకపోగా పదేసి వాట్లు చేరుస్తోంది. మొత్తం 215 వాట్లు. ఇదంతా చెమట ఆరడం ద్వారానే పోవాలి, వేరే దారి లేదు. కదలని గాలి, ఆ తేమ, ఒంటి మీద చీర. ఎంత ఉదారంగా లెక్కేసినా చెమట తీసుకుపోగలిగేది 175 వాట్లే.

మిగిలింది 40 వాట్లు. చూడ్డానికి చిన్న అంకె. యాభై కిలోల మనిషి ఒళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి 175 కిలోజూళ్లు చాలు. 40 వాట్ల చొప్పున అది గంటా పావులో చేరిపోతుంది. చర్మం వేడెక్కిన కొద్దీ చెమట కొంచెం వేగంగా ఆరుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత సూటిగా ఉండదు, అయినా దిశ మారదు. ఒంటి గంటన్నరకి మళ్లీ పనిలో కూర్చుంటే రెండూ ముప్పావుకి జ్వరం అంచుకి చేరాలి. చేరడం లేదు. ఎందుకు చేరడం లేదంటే ఒళ్లు తన చేతిలో ఉన్న ఒకే ఒక్క కవాటం తిప్పుతోంది. 170 వాట్ల పనిని 130కి తగ్గిస్తోంది. ఆ 40 వాట్లూ అలా సర్దుకుంటున్నాయి. తూకం పుస్తకంలో మధ్యాహ్నం తూకం పడిపోయేది అందుకే.

ఈ లెక్క పెద్ద కాగితం మీద రాసి షావుకారు గారికి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అయితే కునికేది తిండి వల్ల కాదంటారు" అన్నారు. కొంత తిండి వల్ల కూడా కావచ్చు, అన్నం అరిగేటప్పుడు కూడా ఒంట్లో వేడి పుడుతుంది అన్నాను. ఆయనకి అంతకుముందు చెప్పిన అంకెలన్నిటి కంటే ఈ మాటే నచ్చినట్టుంది.

ఒంటిని ఇలా ఇంజనులా చూడటం మానవత్వం లేని పని అని మా ఆవిడ అంటుంది. నిజానికి శక్తి రూపం మారుతుందే గానీ పోదనే థర్మోడైనమిక్స్ మొదటి సూత్రం పుట్టిందే ఒంటి దగ్గర, అదీ ఇలాంటి ఉక్కపోత రేవులోనే. 1840లో జావాలోని సురబయలో ఒక ఓడ వైద్యుడు, యూలియస్ రాబర్ట్ మాయర్ అనే జర్మన్ కుర్రాడు, నావికుల సిర కోసి రక్తం తీస్తే అది ధమని రక్తమంత ఎర్రగా వచ్చింది. వేడి దేశంలో ఒంటిని వెచ్చగా ఉంచడానికి అంత ఆక్సిజన్ ఖర్చు కావడం లేదని ఆయన ఊహించాడు. ఆ ఆలోచన వెంట వెళ్లి, వేడీ పనీ ఒకదాన్నుంచి ఒకటి మారేవేనని 1842లో రాశాడు. ఆయన డాక్టరు కాబట్టి భౌతికశాస్త్రజ్ఞులు చాలాకాలం పట్టించుకోలేదు.

నేను చేసిన తప్పు

ఇంత లెక్క వేసినవాణ్ని, మొదటి సలహా తప్పు ఇచ్చాను. రాసుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

షావుకారు గారికి తొందర. "ఏదో ఒకటి చెప్పండి, రేపే కొంటాను" అన్నారు. మేనేజరు కూలర్ మాట ఎత్తాడు. గోనె పట్టాల్లాంటి ప్యాడ్ల మీద నీళ్లు పారించి గాలి కొట్టే పెద్ద కూలర్. నేను ఊఁ అన్నాను. మర్నాడే ఒకటి తెచ్చి షెడ్డులో ఒక మూలన పెట్టారు. పొట్టు ఎగరకుండా మెల్లగా తిప్పారు. కిటికీలు ఎలాగూ మూసే ఉన్నాయి.

మొదటి అరగంట అందరి ముఖాలూ వెలిగిపోయాయి. పొడి థర్మామీటరు 37 నుంచి 34కి దిగింది. షావుకారు గారు వచ్చి అది చూసి నా భుజం తట్టి వెళ్లారు. మూడింటికి అప్ప వచ్చి, "బాబూ, చల్లగానే ఉంది గానీ గుండె దడదడలాడిపోతంది. సేతులాడవు. ఏటిది?" అంది. గబగబా తడి థర్మామీటరు దగ్గరికి వెళ్లాను. 30.5.

మూసిన గదిలో కూలర్ అదే గాలిని మళ్లీ మళ్లీ లాగి నీళ్లు కలుపుతోంది. పొడి ఉష్ణోగ్రత తగ్గిన మాట నిజమే. కానీ గాలిలో తేమ పెరిగేసరికి చెమట ఆరే సామర్థ్యం నాలుగో వంతు పడిపోయింది. 175 వాట్లు పోయే చోట 130 మాత్రమే పోతున్నాయి. గాలి చల్లబడి ఒంటికి చేరే వేడి కొంత తగ్గినా, మిగులు 40 నుంచి 70కి ఎక్కింది. కూలర్ ముందు కూర్చున్న నలుగురికి గాలి తగిలి బాగానే ఉంది. తక్కిన ముప్పై ఆరు మందినీ నేనే ఆవిరి మీద పెట్టాను. పొడి బల్బు చూసి మోసపోవద్దని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పినవాణ్ని. కూలర్ ఆపించి కిటికీలు తీయించాను. ఆ రోజు పని నాలుగింటికే ఆపేశారు, ఆ గంట కూలీ షావుకారు గారు కట్టి ఇచ్చారు. అది ఆయన మంచితనం.

నీళ్ల సంగతి

ఒక లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,430 కిలోజూళ్లు తీసుకుపోతుంది. కారి కింద పడ్డ చెమట లెక్కలోకి రాదు, ఆరిందే లెక్క. ఈ పనికి గంటకి పావు లీటరుకి తక్కువ కాకుండా ఆరాలి, మా గాలిలో కారిపోయేదీ బోలెడు. అంటే షిఫ్టు మొత్తానికి రెండు లీటర్లకి పైమాటే తాగాలి. ఎంత తాగుతారని అడిగితే భోజనంతో ఒక గ్లాసు, ఇంటికెళ్లే ముందు ఒక గ్లాసు అన్నారు. ఎందుకంత తక్కువ అంటే నవ్వారు. చివరికి అప్పే చెప్పింది: "తాగితే ఎల్లాల గదా బాబూ. ఎక్కడికెల్తాం?" ఉన్నది ఒకటే బాత్రూం, ఆవరణకి ఆ చివర, లారీలు నిలబెట్టే చోటికి పక్కన. వెళ్లి రావడానికి పావుగంట, ఆ పావుగంట కూలీ గోవిందా.

ఇది ఉద్దానం పక్కన ఉన్న ఊరు. ఇక్కడ కిడ్నీ మాట ఎత్తితే ప్రతి ఇంట్లో ఒక పేరు వినిపిస్తుంది. ఆ జబ్బుకి ఫలానాదే కారణమని తేలలేదు. వేడీ, ఒంట్లో నీరు చాలకపోవడమూ కారణాల్లో ఒకటి కావచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు. నా థర్మామీటర్లు దాని గురించి ఏమీ చెప్పలేవు. అయినా నా రిపోర్టులో మొదటి పేజీలో మొదటి వాక్యం ఫ్యాన్ గురించి కాదు, షెడ్డుకి ఆనుకుని రెండు బాత్రూంలు కట్టమని. అవి జూన్‌లో కట్టారు.

కుదిరినవీ కుదరనివీ

పని వేళలు మార్చుదామనుకున్నాం. పొద్దున్న ఐదున్నరకి మొదలుపెట్టి ఒంటి గంటకి వదిలేస్తే సమస్యే ఉండదు. కాగితం మీద అంతకంటే తేలిక పని లేదు. ఆడవాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారగట్ల నీళ్లు పట్టుకోవాలి, వంట చేయాలి, పిల్లల్ని బడికి తయారుచేయాలి, ఊళ్ల నుంచి వచ్చే షేర్ ఆటో ఏడు దాటితే గానీ కదలదు. ఆ లెక్కలో నేను చొరబడలేదు.

రేకుల మీద సున్నం కొట్టించాం, అంటుకునేందుకు ఫెవికాల్ కలిపి రెండు పూతలు. లోపల రేకులకి మూరెడు కిందగా కొబ్బరాకు తడికలు కట్టించాం. ఉద్దానంలో దానికి కొదవ లేదు. పడమటి గోడకి బయట పందిరి. మళ్లీ పనస మొక్క పెట్టారు గానీ అది నీడ ఇచ్చేసరికి నేను ఉండను.

అసలు చిక్కు ఫ్యాన్ల దగ్గర వచ్చింది. గాలి కావాలి, పొట్టు ఎగరకూడదు. గాలి వేగం నాలుగింతలైతే చెమట ఆరే వేగం రెండింతలు దాటుతుంది, అంచేత ఫ్యాన్ వదులుకోవడానికి నాకు మనసొప్పలేదు. నాలుగు రకాల బొమ్మలు గీశాను. అప్ప అవి చూసి, "సేటతో సెరిగినప్పుడు గాలికి ఈపు పెడతాం గదా బాబూ. పొట్టు ముందుకి ఎగిరిపోద్ది. మమ్మల్ని ఇలా ఎదురెదురుగా కూకోబెట్టినాక ఒకరి పొట్టు ఇంకొకరి పప్పులో పడక ఏటవుద్ది?" అంది.

అంతే. అందరినీ ఒకే వైపుకి తిప్పి కూర్చోబెట్టాం. వెనకనుంచి వీపు ఎత్తులో ఫ్యాన్లు, ఎదురు గోడలో రెండు ఎగ్జాస్టులు. పప్పు పళ్లేల ముందు అంచుకి జానెడు చెక్క. మొదటి రోజు పొట్టు బాగానే వెళ్లింది గానీ షెడ్డంతా మూగబోయింది. "ముకాలు సూసుకోకండా కబుర్లేటి?" అని రెండో రోజుకి వరసలు వాటంతట అవే వంకరపోయాయి. మేస్త్రీ సరిచేయబోతే వద్దన్నాను. ఏటవాలుగా కూర్చుంటే పక్కమనిషి ముఖం కనిపిస్తుంది, గాలి కూడా వీపు తప్పదు. ఇప్పుడు వరసలు చేప ముల్లులా ఉంటాయి.

జూన్ మొదటి వారంలో, వానలు పడకముందు, ఇంచుమించు అలాంటి రోజే చూసి మళ్లీ కొలిచాను. పొడిది 36, తడిది 28.8, నల్ల బంతి 37.5. కూర్చునే చోట గాలి సెకనుకి అర మీటరు. ఒంటి పద్దులో లోటు కనిపించలేదు. మధ్యాహ్నం తూకం పొద్దుటిదానికి దగ్గరగా వచ్చింది, సమానం కాలేదు. మేనేజరు పొంగిపోయాడు గానీ నేను అంత సంబరపడలేదు. 1950లలో అమెరికా మెరైన్ శిక్షణ శిబిరాల్లో జవాన్లు వడదెబ్బకి కూలిపోతుంటే తయారుచేసిన సూచిక ఒకటుంది. గది లోపలైతే తడి బల్బులో 70 శాతం, నల్ల బంతిలో 30 శాతం కలపాలి. వేడికి అలవాటుపడిన మనిషి కూర్చుని చేసే తేలిక పనికి అంతర్జాతీయ ప్రమాణం 30. మే నెలలో ఇక్కడ 33 ఉంది. అన్నీ చేశాక 31.4. కాబట్టి తడి థర్మామీటరు ఒకటి షెడ్డులోనే వదిలి, 29 దగ్గర ఎర్ర దారం కట్టాను. పాదరసం దారం దాటితే గంటకి పది నిమిషాలు అందరూ లేచి బయట నీడలోకి వెళ్లాలి, ఆ పది నిమిషాలకీ కూలీ కట్టాలి. రీడింగు చూసే పని మేస్త్రీకి కాకుండా అప్పకి అప్పగించమన్నాను. షావుకారు గారు కాసేపు నసిగి ఒప్పుకున్నారు.

తేలనిది ఒకటుంది. బాయిలింగ్ గది. అక్కడ ఇద్దరు మగవాళ్లు జీడి పిక్కల బస్తాలు ఎత్తి కుక్కర్‌లో పోస్తారు, ఆవిరి వదిలి తీస్తారు. తడి బల్బు 33, నల్ల బంతి 48. సూచిక 37 దాటింది. ఆ బరువు పనికి ప్రమాణం 26. అక్కడ సున్నంతో, తడికలతో అయ్యేది లేదు. ఆవిరిని పైకి లాగేసే హుడ్ పెట్టాలి, లేదా నలుగురిని పెట్టి ఇరవై నిమిషాలకోసారి మార్చాలి. రెండూ డబ్బుతో పని. ఎస్టిమేటు ఇచ్చాను, ఇంకా కబురు రాలేదు. ఫిబ్రవరిలో ఓసారి వెళ్లి అడగాలి. ఈలోగా నల్ల బంతికి రంగు పెచ్చులూడింది, మళ్లీ పూయాలి.